కందిపప్పు రంగు

జూన్‌లో లడ్లో ఊరికి చీకటి
అప్పు తీర్చేవాడిలా తటపటాయిస్తూ వస్తుంది, పదిన్నర దాటాక.
అప్పటిదాకా కూరమళ్ళ మధ్య మడతకుర్చీలేసుకుని
ఫ్లాస్కు మూతల్లో టీ పంచుకుంటాం:
ఉత్తరాలు పంచి రిటైరైన గ్లెనిస్,
రొట్టెల బట్టీ నుంచి పిండిచేతులతోనే వచ్చే ఐవర్,
పదమూడేళ్ళ ఫ్రెయా, తోడొచ్చి ప్రతిసారీ
నిద్రపోయే వాళ్ళ తాత,
కళ్ళజోళ్ళ దుకాణంలో కళ్ళు పరీక్షించే నేను.

తెల్ల దుప్పటి తీగ మీద ఆరేసి
ముందు బల్బు వెలిగిస్తాం.
కింద పెట్టెలో ఖాళీ గుడ్ల అట్టలు,
వచ్చిన శలభాలు తలదాచుకోడానికి.
ఇక ఎదురుచూడటమే పని.

మా ఇంట్లో వానాకాలం ట్యూబులైటుకి
ఆముదం రాసిన కాగితం కట్టేవాళ్ళు.
పొద్దున్నే దాన్ని ఉండచుట్టి పారెయ్యడం నా వంతు.
ఎన్ని రెక్కలు పారేశానో!
ఒక్కదాని పేరూ అడగలేదు.
ఈ సంగతి మొదటి రాత్రే వీళ్ళకి చెప్పేశాను.
ఎవరూ నొచ్చుకోలేదు.
"ఆముదం ఎంతసేపటికి ఆరిపోతుంది?" అని మాత్రం
ఐవర్ పుస్తకం తెరిచాడు.

గ్లెనిస్ చూపుకి నట్టనడుమ ఒక మసక.
ఆ మాట ఆవిడతో చెప్పింది నేనే,
నవంబరులో, చీకటిగదిలో,
ఆవిడ గడ్డం ఇంకా యంత్రం మీదే ఆనించి ఉండగా.
"అంచులు మిగుల్తాయిగా," అంది.
"శలభాలు ఎలాగూ తిన్నగా ఎగరవు."
వెళ్తూ వెళ్తూ నన్ను ఇక్కడికి పిలిచింది.

ముప్పై ఏళ్ళ పేర్లు ఆవిడ నోట్లో,
రెక్కలేమో మా కళ్ళలో.
"భుజం మీద ఏముంది?"
"కామా," అంటుంది ఫ్రెయా.
"దాని కింద?"
"తుప్పు," అంటాడు ఐవర్.
నా వంతుకి నాకు ఇంగ్లీషు చాలదు.
"అంచు పోచంపల్లి చీర, ఒళ్ళు కందిపప్పు," అనేశాను ఓసారి.
"కందిపప్పంటే?"

మళ్ళీ శనివారం గుప్పెడు పొట్లం కట్టి తెచ్చాను.
వేళ్ళతో నలిపి,
చూపు మిగిలిన పక్కకి ఎత్తిపట్టుకుని
చాలాసేపు చూసింది.
"పసుపూ కాదు, నారింజా కాదు.
ఈ మాట లేకే ఇన్నాళ్ళూ అవస్థపడ్డాం."
అప్పట్నుంచీ పుస్తకంలో, రంగుల వరసలో,
ఐవర్ కోడిగీతల్లో కందిపప్పు.
పక్కనే ఫ్రెయా చేర్చింది:
వేయించినది, వేయించనిది.

నిన్న రాత్రి ఒకటొచ్చింది.
బూడిదా మట్టీ కలిసిన రంగు, చెప్పుకోదగ్గ మచ్చ లేదు.
తలా ఒక మాట అన్నాం, ఏదీ పక్కదానితో కుదర్లేదు.
గ్లెనిస్ నవ్వింది.
"దాని పేరే అది. 'అనుమానం' అని పెట్టారు.
దానికో జోడీ ఉంది. రెక్కలు చూసి ఏది ఏదో
తేల్చిచెప్పలేరు, మంచి కళ్ళున్నవాళ్ళు కూడా."
చివరి మాట
కాస్త గట్టిగానే అంది.

నాలుగింటికే తెల్లారింది.
కంచె మీద రాబిన్ పిట్ట, మా పెట్టె ఆనవాలు పట్టిన దొంగ,
తోకాడిస్తోంది.
దానికి అందకుండా ముళ్ళపొదల్లోకి
ఒక్కో అట్టా మెల్లగా దులిపి లెక్కేశాం.
నూట పన్నెండు.
"నూట పదమూడు," అంది గ్లెనిస్, చెయ్యి కదపకుండా.
బొటనవేలి మీద ఒకటి,
ఎగరడానికి ఒళ్ళు కాచుకుంటూ వణుకుతోంది.
"చప్పున చెప్పు. ఏ రంగు?"

"వేయించినది," అన్నాను.