మగవార్డులో రాత్రి చీటీ

ఎనిమిదికి గంట.
మగవార్డులో ఆడమనిషి ఉండకూడదు.
నేను ఆడమనిషిగా రాలేదయ్యా, వాడి నోరుగా వచ్చాను
అందామనుకున్నాను.
వాచ్‌మన్ అప్పటికే తలుపు సగం మూశాడు.

స్కాను బిల్లు వెనక్కి తిప్పి రాశాను,
కొరుక్కుపేట బళ్లో నేర్చిన అరవంలో.
మా ఇంట్లో తెలుగు నాలిక మీదే, వేళ్లదాకా దిగలేదు.

రాత్రి డ్యూటీ సిస్టరుకి.
పేరు ఎతిరాజు. నలభై ఒకటి నిండాయి.
చార్టులో మానసిక వయసు నాలుగని ఉంది, నమ్మొద్దు,
గడ్డం గీస్తే అద్దం అడుగుతాడు.
నొప్పి పదిలో ఎంత అని అడగొద్దు.
తువ్వాలు అంచు నములుతుంటే కొంచెం.
నమలడం మానేసి గోడవైపు తిరిగితే చాలా.
సూది ముందే చూపించాలి,
దాచి తెచ్చిన సూదిని ఏళ్ల తరబడి మర్చిపోడు.
చేతులు కట్టొద్దమ్మా. పోయినసారి కట్టారు.
నెల్లాళ్లు చొక్కా తొడగనివ్వలేదు.
తెలుగు ముక్కలు నాలుగు వస్తే చాలు:
అయిపోయింది. ఇక్కడే ఉన్నా. నీళ్లు. బువ్వ.

అరవంలో బ లేదు.
ప రాసి పైన చుక్క పెట్టాను.
ఆ చుక్క ఆమెకేం చెబుతుంది?

వరండాలో పొన్నేరి ఆవిడ సగం చాప ఇచ్చింది.
లోపల ఎవరు మూలిగినా వాడే.
ఎన్నేళ్లకో రెండు చేతులూ ఖాళీ,
ఏం చెయ్యాలో తోచక
వాటినే ఒళ్లో పడుకోబెట్టుకుని కూచున్నాను.

తెల్లారి తలుపు తీశారు.
వాడి గడ్డం మీద ఎండిన పెరుగన్నం మెతుకు.
పూంగొడి సిస్టరు డ్యూటీ దిగుతూ నవ్వింది:
"పువ్వా పువ్వా అన్నానక్కా.
ముందు నా జడ చూశాడు, లేదు.
నా చేతిలో గిన్నె చూశాడు.
ఎంత నవ్వాడో! ఆ నవ్వులోనే పెట్టేశాను."

చీటీ తిరిగిచ్చింది.
నా వరసల కింద నీలి సిరాతో ఇంకో వరస:
తలమీద ఫ్యాను ఆపితే చెవులు మూసుకోడు. నిద్రపోతాడు.

రెండుసార్లు చదివాను.
ఇంట్లో రోజూ ఆ ఫ్యాను వేసేది నేనే,
పాపం, వాడికి చెమట పడుతుందని.