వెనక రెక్క

రాత్రి ఒకటిన్నర. ఆదోని.
జిన్నింగు మిల్లు గేటు పక్కన కాటా గదిలో
నేనూ, గుడ్డిగా ఎలిగే ట్యూబులైటూ,
మూడొందలు దాటితే తోక ఊపే కారూ.

కాటా కంప్యూటరే. ఓనరుకు తెలీదు.
చిన్నాయన కొడుకు మద్దిలేటి
పెన్‌డ్రైవులో తెచ్చి ఎక్కించిపోయినాడు ఆట.
బొమ్మ మసగ్గా పెట్టుకుంటే గానీ కదలదు.
చెట్లుండవు, జనముండరు, నీడలుండవు,
రోడ్డు మాత్రం ఉంటాది.
చాలు.

పొడుగు తిన్నని దారిలో
రెండొందల ఎనభై దాకా బుద్ధిగా పోతాది.
తొంభై. తొంభై ఐదు.
స్టీరింగులో సన్నని వణుకు,
చలిజరానికి ముందు పండ్లు కొట్టుకున్నట్టు.
మూడొందలు దాటినాక వెనక భాగం నేలను మర్చిపోతాది.
ఆ పైన గోడ.

వారం దినాలుగా గోడే.

తూకం చీటీల వెనక రాసుకుంటా:
ముందర స్ప్రింగు గట్టి, వెనకది మెత్తన.
ముందర యాంటీరోల్ బారు ఒక మెట్టు పైకి.
టైర్లలో గాలి రెండు పాయింట్లు కిందికి.
చీటీకి ఒక పక్క గ్రాసు, టేరు, నెట్టు.
ఇంకో పక్క నా దిగులు.

అప్పుడొచ్చినాడు ఉరుకుందప్ప,
బేళ్ళ లోడు కాటా మీద నిలబెట్టి,
ఆరిపోయిన బీడీ చెవి మీద పెట్టుకుని.
చీటీ అడగలేదు.
నా భుజం మీంచి తెర చూసినాడు.
గోడకు కొట్టుకునేదాకా చూసినాడు.

"ఎనక తేలిపోతాండాది కదప్పా."

ముప్పై ఏండ్లు పత్తి మోసినోడు.
పత్తిది బరువు కాదు, గాలి అంటాడు.
ఎనకటికి బోరాలు నిలువెత్తున కట్టి
ఆలూరు మిట్టల మీద అడ్డగాలిలో
లారీ ఎద్దు మూపురం మాదిరి ఊగుతాంటే
ఆయన పట్టుకునింది స్టీరింగు కాదంట,
తాళ్ళ చప్పుడంట.
"తాడు గుయ్యిమన్నంత సేపూ బయం లేదు.
ఆ గుయ్యి ఆగిందా, బండి ఆపల్ల."

"దీనికి తాళ్ళు లేవే మామా."

"అయితే గాలితోనే కట్టు."

సగమే అర్థమైంది.
ఆ సగానికే వెనక రెక్కను
పది నుంచి పద్నాలుగుకు లేపినా.
వెనక చక్రాల మొనలు చుక్కంత లోపలికి తిప్పినా,
మా అక్క బిడ్డ మొదటిసారి నిలబడినప్పుడు
బొటనవేళ్ళు ఒకదాన్నొకటి చూసుకున్నట్టు.

తిన్నని దారి.
తొంభై ఐదు. మూడొందలు.
మూడొందల నాలుగు.
వణుకు లేదు.

మునుపు మూడొందల పదమూడు చూసినా,
గోడనూ చూసినా.
ఇప్పుడు తొమ్మిది తక్కువ.
గాలి ఊరికే పట్టుకోదు,
కూలి కోసుకుంటాది.
ఇచ్చేసినా. చేతికందిన చీటీ తిప్పి
లెక్క రాసిపెట్టుకున్నా.

"నాకియ్యి సూస్తా" అని కూర్చున్నాడు.
నాలుగు బాణాల మీద నాలుగు మొద్దు వేళ్ళు.
అరవై. అరవై దాటలేదు.
ఎడమకు ఒదిగి,
మలుపు కనపడక ముందే బ్రేకు తొక్కి
(తొక్కడమే, బల్ల కింద కాలు కదిలింది),
వెనకొచ్చే కార్లు రయ్యిమని పోతాంటే
ఒక్కొక్కదానికీ దారిచ్చి

"దీంట్లో హారను యాడుండాది?"

లేదు మామా.

"హారను ల్యాకుండా మూడొందలా?"
నేను తప్పు తూకం వేసినట్టు
నా మొగంలోకి చూసినాడు.

లారీ గేటు దాటినాక, దుమ్ము అణిగినాక
బల్ల మీద తడుముకున్నా.
లెక్క రాసుకున్న చీటీ
ఆయన చీటీనే.

ఈపాటికి కోయంబత్తూరు దోవలో ఉంటాది,
ఈరన్నసామి పటం వెనక ముడిచిపెట్టి.
ఆడ మిల్లు గేటులో తెలుగు రాని గుమస్తా ఒకడు
నెట్టు బరువు చూసి, చీటీ తిప్పి,
వెనక రెక్క 14, చక్రాలు లోపలికి చుక్కంత,
ఎందుకైనా మంచిదని
దాని మీదా ఒక ముద్ర గుద్దుతాడేమో.