పిక్కకీ పప్పుకీ మధ్య

చెప్పకపోతే దానికి తెలియదు.
కత్తి దిగుతుంది, పిక్కలోకి దూరి
అవతలి వైపు తేలుతుంది,
తెర మీద ఒక్క గీత చెదరదు.
రెండు వస్తువులు ఒకే చోట ఉండలేవన్న సంగతి
పసిపిల్లకి గోడ నేర్పుతుంది,
సాఫ్ట్‌వేర్‌కి నేను నేర్పాలి.

కాశీబుగ్గలో రైలుగేటు పక్క సందు,
బైరాగి వెల్డింగు షాపు, దాని మీద రేకుల గది,
ఒక ఫ్యాను, ఒక అరువు కంప్యూటరు.
కింద ఆయన జీడిపిక్కలు కోసే మిషను కడుతున్నాడు.
"గుండు గుండుగానే రావాల. బద్దయితే రేటు పడిపోద్ది."
ఆయన నాకిచ్చిన లెక్క అదొక్కటే.

పిక్కని పదకొండు వేల ముక్కల వలగా అల్లాను.
ఇక తాకే ముఖాల్ని ఎంచాలి.
కత్తి అంచు మీద నొక్కాను, ఎర్రబడింది.
పెంకు వీపు మీద నొక్కాను, నీలమైంది.
ఇందులో యజమాని ఎవరు, బానిస ఎవరు అని అడిగింది.
పాత మాట, ఇంకా వదల్లేదు.
గట్టిది యజమాని, మెత్తనిది బానిస.
బానిస ఒంటి మీది ప్రతి చుక్కా
యజమాని గడప దాటానేమోనని
అడుగడుక్కీ ఆగి చూసుకుంటుంది.
ఈ నియమం రాసినవాడెవడో గాని
మా ఊళ్లు తిరిగినవాడే.

ఒరపిడి ఎంత?
సున్నా పాయింటు మూడు అన్నాను.
ఏమీ తెలియనప్పుడు మేమందరం అనేది అదే.

పెంకుకీ పప్పుకీ మధ్య?
అతుక్కునున్నాయి అన్నాను.

మూడు రాత్రులు.
నలభై రెండో మెట్టు దగ్గర లెక్క తెగిపోయేది.
తెగకపోతే పప్పు తెగేది,
పెంకు చీలిన చోటే, చీలిన క్షణానే.

నాలుగోనాడు పిక్కల షెడ్డుకి వెళ్లాను.
తవిటమ్మ.
ఇరవై ఆరేళ్లుగా కాలి కింద పెడలు, చేతిలో పిక్క.
జీడి కాల్చిన వేళ్ల కొసలు నల్లగా, నున్నగా.
వేలిముద్ర మిషను ఆ వేళ్లను గుర్తుపట్టదు,
రేషను కోసం కన్ను చూపిస్తుంది.

నేను కత్తి గురించి అడిగాను.
ఆమె పిక్కని నా చెవి దగ్గర పెట్టి ఆడించింది.
"పలుకుతాదా?"
లేదు.
"ఇది ఇయ్యాల ఉడికింది. నిన్నటిది ఇను."
టిక్కుమంది, చాలా సన్నగా,
ఖాళీ అగ్గిపెట్టెలో మిగిలిన ఒక్క పుల్లలా.
"రాత్రంతా ఆరితే పప్పు ఒదులవుతాది బావూ.
అప్పుడికి దానికీ పెంకుకీ ఇడాకులైపోతాయి.
ఇడిపోనోళ్ల మద్దిన కత్తెడితే
ఇద్దరికీ దెబ్బే."

మేడెక్కి అతుకు విప్పాను.
వెంట్రుకలో సగమంత సందు పెట్టాను.
ఆ సందుని లెక్కలోకి తేవడానికే రాత్రి పన్నెండయింది.
నలభై రెండో మెట్టు దాటింది.
గూడ్సుబండి ఒకటి గదిని వణికించి పోయింది.
డెబ్భై. ఎనభై ఆరు.
తెల్లారగట్ల పెంకు నోరు తెరిచింది,
పప్పు లోపల ఒక్కసారి దొర్లి
పక్కకి తిరిగి పడుకుంది.

బైరాగి స్వీట్లు తెచ్చాడు.
తవిటమ్మని కూడా పిలిపించాడు.
ఎర్ర కత్తి, నీలం పెంకు, పసుప్పచ్చ పప్పు,
మౌసు ఆమె చేతికిచ్చి తిప్పి చూడమన్నాను.
చాలాసేపు తిప్పింది.
"బాగుంది. గంటకెన్ని కేజీలు?"
నలభై అన్నాడు బైరాగి.
నేను రోజంతా కూర్చుని కోసేదానికన్నా ఎక్కువే అని
ఆమె అనలేదు. అడిగింది:
"మరి నా సెయ్యేదీ, ఇందల?"

ఆ ముఖాన్ని నేను ఎంచలేదు.
చెప్పకపోతే దానికి తెలియదు.
మిషను ఆమెలోకి దూరి
అవతలి వైపు తేలుతుంది,
తెర మీద ఒక్క గీత చెదరదు.

ఆమె స్వీటు తినలేదు, పిల్లలకని కొంగున కట్టుకుంది.
మెట్ల మీద చెప్పుల చప్పుడు, తర్వాత గేటు గంట.
మౌసు మీద ఒక నల్ల మరక మిగిలింది.
ఆముదంతో తుడిచాను, కిరసనాయిలుతో తుడిచాను,
బొటనవేలు నొప్పెట్టేదాకా రుద్దాను.
ఒరపిడి ఎంతో ఇప్పటికీ తెలీదు.
సున్నా పాయింటు మూడు మాత్రం కాదు.