చార్జి మెమో

టెక్కలి డిపో వెనక, అరిగిన టైర్ల గుట్ట పక్కన
నీలాచలం మావయ్య నా రెండు ఉత్తరాల్నీ
చేయి చాపినంత దూరం పెట్టుకుని చూస్తున్నాడు.
ఇంగ్లీషు రాదు. అంకెలొచ్చు.
"మూడేళ్ళ బాండంటే ఏటే గుంటా?"
మధ్యలో మానేస్తే పద్దెనిమిది లక్షలు కట్టాలి మావయ్యా.
"ఓలమ్మా" అని కాగితం తిరగేసి చూశాడు,
వెనకవైపు ఏమైనా తగ్గించి రాశారేమోనని.

ఒకటి డెబ్బై సీట్ల విమానం, రెండు పంకాలు.
బేసు హైదరాబాదు. శిక్షణ ఖర్చు నాదే,
జీతం మొదటి ఏడు సగమే.
రెండోది పంతొమ్మిది సీట్లది. కొత్త కంపెనీ.
మూడు విమానాలు, అందులో ఒకటి ఎప్పుడూ షెడ్డులోనే.
బాండు లేదు. భోగాపురం నుంచే ఎగరొచ్చంటున్నారు.
అంటున్నారు అనే మాటకీ బాండు లేదు.

నా లాగ్‌బుక్కులో రెండొందల గంటల ఆకాశం ఉంది.
దానికి పలాస పక్కన రెండెకరాల జీడితోట వెళ్ళిపోయింది.
గంటకో సెంటు.
మొదటిసారి ఒంటరిగా ఎగిరిన రోజు
నేను ఖర్చు పెట్టింది
బావిగట్టు పక్క చెట్టో, కంచె వారనున్న వంకర చెట్టో
ఇప్పటికీ లెక్క తేలదు.
ఆ తర్వాత పద్నాలుగు నెలలు నేల మీదే,
అమ్మ పనిచేసే బట్టీలో పప్పు ఏరే బల్ల దగ్గర.
గుండు ఒకవైపు, బద్ద ఒకవైపు.
అన్ని బస్తాలు ఏరిన చేతులకి
ఈ రెండు కాగితాలు తేలట్లేదు.

బ్యాచ్‌ వాళ్ళందరిదీ ఫోన్లో ఒకటే మాట: పెద్దది పట్టుకో.
ఒక్కరోజు ముందు చేరినవాడు
ముప్పై ఏళ్ళూ నీకంటే ముందే ఉంటాడు.
ఇది మావయ్యకి వెంటనే అర్థమైంది.
సీనియారిటీ లేకే కదా
పదకొండేళ్ళు మందస నైట్‌అవుట్ చేశాడు,
బస్సు టాపు మీద దోమతెర కట్టుకుని.

"ఎక్స్‌ప్రెస్సా పల్లెవెలుగా అన్నది కాదే అడగాల్సింది," అన్నాడు.
చొక్కా జేబులోంచి, లైసెన్సు కవర్లోంచి,
మడతల దగ్గర చిరిగిన కాగితం తీశాడు.
"వాయుగుండం రాత్రి. పూండి దాటినాక బండి ఆపీసినాను.
ముందర రోడ్డు అవుపడనేదు.
ముప్పై నలుగురు జనం. ఒకడు తిట్టినాడు, ఒకావిడ ఏడ్సింది.
కంట్రోలరు ఎలాగోలా తెచ్చీమన్నాడు. తేనేదు.
తెల్లారి సూస్తే రోడ్డుకేటీ అవనేదు.
ఒక్క కొమ్మ పడనేదు."
నవ్వాడు.
"పడుంటే మెమో వచ్చుండదు."

ఇంక్రిమెంటు పోయింది. కాగితం ఉంచుకున్నాడు.
"రెండు కంపెనీలనీ ఒకటే అడుగు.
ఈ రోజు తోల్నని అన్నోడు మీ కాడ ఉన్నాడా,
అన్నాక ఆడేటైనాడు?"

అడిగాను.
డెబ్బై సీట్ల గొంతు చాలా మర్యాదగా
మా దగ్గర అలాంటి పరిస్థితి రాదమ్మా అంది.
పంతొమ్మిది సీట్ల గొంతు కాసేపు మాట్లాడలేదు.
వెనకాల ఎవరో రెంచీ కింద పడేశారు.
"మొన్న గురువారం. నేనే," అంది ఆవిడ.
"దిగే చోట రన్‌వే కనపడలేదు. తిరిగొచ్చేశాను.
ఓనరు రెండు రోజులు నాతో మాట్లాడలేదు.
మూడో రోజు టిఫిన్ తెప్పించాడు."

మావయ్య డ్యూటీకి లేచాడు.
ఆరు టైర్లనీ ఒక్కొక్కటే కాలితో తన్ని చూసి
అప్పుడు ఎక్కాడు.

రాత్రి బట్టీ నుంచి వచ్చి, నల్లబడ్డ వేళ్ళకి నూనె రాసుకుంటూ
ఏ కంపెనీయే అని అడిగింది అమ్మ.
మొన్న గురువారం వెనక్కి తిరిగొచ్చిన కంపెనీ.
జీతం?
అదింకా దిగలేదమ్మా.