కోల్డ్ స్టోరేజీ రసీదు

నగరంపాలెం కోర్టులో నా చేతికిచ్చిన కాగితం
విడాకులు కాదు.
వచ్చిన ప్రతి మనిషికీ ఇదే చెప్పి చెప్పి
నా నాలిక తాలుకాయైంది.

మా వదిన జోజమ్మ అడిగింది:
"అంటే మొగుడున్నట్టా, లేనట్టా?"
ఉన్నట్టే వదినా.
ఇంట్లో లేనట్టు.

లాయరు సుగుణరావు గారు విడమరిచి చెప్పిన రోజు
కరెంటు లేదు.
నా ఫైలుతోనే విసురుకుంటూ అన్నారు:
కాపురానికి రమ్మని నిన్నిక ఎవరూ లాగలేరమ్మా,
అతనూ, అతని తరపు పెద్దమనుషులూ.
కానీ ముడి ముడిగానే ఉంటుంది.
నువ్వు మరొకరిని చేసుకోలేవు, అతనూ చేసుకోలేడు.
ఖర్చులకి నెలకింత అని జడ్జిగారు రాస్తారు.
రేపు మనసులు మారితే
మళ్ళీ ఒకే గుమ్మం ముందు చెప్పులు విడవొచ్చు.

మూడుసార్లు కుట్లు పడ్డ కనుబొమ్మ నాది.
డాక్టరు చీటీలు రెండే దొరికాయి.
రెండూ సరిపోయాయి.

"విడాకులే అడగొచ్చుగా?" అన్నారాయన.
అడగొచ్చు.
ఫిరంగిపురం గుడిలో పంతొమ్మిదేళ్ళ గొంతుతో
నేనొక మాట చెప్పాను.
దాన్ని విన్నది ఇన్నయ్య ఒక్కడే కాదు.

నిజానికి నాకీ సంగతి కొత్తేమీ కాదు.
ఏటుకూరు రోడ్డు కోల్డ్ స్టోరేజీలో
తొమ్మిదేళ్ళుగా రసీదులు రాస్తున్నాను.
ధర పడిపోయినప్పుడు
అమ్ముకోలేక, పారబోయలేక
రైతులు తెచ్చి పెట్టిన తేజాలు, బాడిగలు
చీకట్లో, చలిలో, ఒంటిమీద నంబరేసుకుని ఉంటాయి.
సరుకు రైతుదే, దగ్గరుండదు.
రంగు పోదు.
కారమూ పోదు.
తలుపు ఓరగా తీస్తే చాలు, ముందు కళ్ళు గుర్తుపడతాయి.

ఒక్క చోట మాత్రం లాయరుగారిని
మళ్ళీ చెప్పమన్నాను.
తీర్పు తేదీ నుంచి నేను సంపాదించిన దాని వరకు
చట్టం నన్ను పెళ్ళికానిదానిగా లెక్కేస్తుందట.
వీలునామా రాయకుండా నేను కన్నుమూస్తే
నా మొగుడు అప్పటికే పోయాడనుకుని పంచుతారట.
పోస్టాఫీసు పుస్తకంలో నావి పదమూడు వేల నాలుగొందలు.
ఆ మేరకు నేను కన్నెపిల్లని,
ఇన్నయ్య గతించినవాడు.
రేషన్ కార్డులో మాత్రం ఇద్దరం ఒకే ఫోటోలో ఉన్నాం,
మధ్యలో మా సహాయ, రెండు జడలతో.

మొన్న మార్చిలో వచ్చాడు, ఆ గతించినవాడు,
కౌలు చేలో పండిన ముప్పైరెండు బస్తాలతో.
ఆ కిటికీ వెనక నేనుంటానని
తెలిసి వచ్చాడో, తెలియక వచ్చాడో.
పేరు? అన్నాను.
చెప్పాడు.
తండ్రి పేరు అడగలేదు.
మా మామగారి పేరు నా చెయ్యి దానంతటదే రాసేసింది.
"ఎన్నాళ్ళు ఉంచొచ్చు?"
అద్దె కట్టినన్నాళ్ళు.

వెనక ముఠావాళ్ళు బస్తా దబ్బున దించారు.
ఘాటు లేచింది.
ఇన్నయ్య తుమ్మాడు.
"నూరేళ్ళు" అన్నాను.

నోరు జారాక పెన్ను కోసం బల్లంతా వెతికాను.
అది నా వేళ్ళ మధ్యే ఉంది.
తీర్పు పదకొండు పేజీలు.
తుమ్ము గురించి అందులో ఏమీ లేదు.

అతను మళ్ళీ తుమ్మాడు.
ఈసారి రసీదు చింపి
బల్ల మీద పెట్టాను.