పొట్టి మీద పొడుగు

ఇవాళ పడవ లేదు.
గాలి తొంభై దాటిందని అట్టముక్క మీద రాసి
కిటికీకి తగిలించి వెళ్లిపోయాడు టికెట్ల కుర్రాడు.
జలసంధి నిండా తెల్లటి నురగ.
పుంటా అరేనాస్ రేవు గదిలో
పదకొండుమంది, ఒక తడిసిన కుక్క, నా టీ కౌంటరు.

దోన్యా మిల్కా ఒక్కతే విసుక్కోలేదు.
అవతలి గట్టున, పోర్వెనీర్ కూడా దాటి ఎక్కడో
గొర్రెల బొచ్చు కత్తిరించే ముఠాకి వండిపెడుతుందట.
మూడో కప్పుకి చిల్లర వెతుకుతుంటే
సంచిలోంచి కొక్కెం సూది జారి నా బూటు పక్కన పడింది.
తీసిచ్చాను. అందుకోలేదు.
"నీ వేళ్లు ఖాళీగానే ఉన్నాయిగా" అంది.

ముందు గొలుసు. ఇరవై కళ్లు. బేసి పనికిరాదు.
నావి చూడాలి:
ఒకదాంట్లో ఆవగింజ దూరదు,
ఇంకోదాంట్లో బొటనవేలు పడుతుంది.
ఆమె నవ్వలేదు, అదే నయం.

పొట్టిది ఇలా: దూర్చు, దారం పట్టుకురా,
సూది మీది రెండిటినీ ఒకటి చెయ్యి.
పొడుగుది ఇలా: ముందే ఒక చుట్టు చుట్టుకుని దూర్చు,
పట్టుకొచ్చాక రెండేసి చొప్పున దింపు, రెండుసార్లు.
ఒక పొట్టి, ఒక పొడుగు, ఒక పొట్టి, ఒక పొడుగు.
బళ్లో ఎత్తు చూసి నిలబెట్టే వరుస కన్నా తేలిక.

మలుపు దగ్గర మాత్రం వేలు ఎత్తింది.
"ఇప్పుడు పొడుగువాడి నెత్తిన పొట్టివాణ్ని ఎక్కించు,
పొట్టివాడి నెత్తిన పొడుగువాణ్ని."
సరేనన్నాను. ఆమె కునుకు తీసింది.

పొట్టి మీద పొట్టి,
పొడుగు మీద పొడుగు,
నాకెంతో పద్ధతిగా అనిపించింది.
నాలుగు వరుసలయ్యేసరికి
పొట్టివన్నీ వెనకబడి, పొడుగువన్నీ ఎగబాకి,
గుడ్డ మూతి ముడుచుకుంది.
పై అంచు పళ్లూడిన దువ్వెన.

లేచి చూసి, కొస పట్టుకుని లాగేసింది.
ముప్పావుగంట పని, ఒక్క లాగుడు.
ఊలు మాత్రం ఏదీ మరిచిపోలేదు,
వంకర్లు వంకర్లుగానే ఒళ్లో పడి ఉంది.

"వరుస పొట్టితో మొదలై పొడుగుతో ఆగాలి.
అలా ఆగలేదా, మధ్యలో ఎవణ్నో మింగేశావు."
నేను మింగాను. రెండుసార్లు.
మూడోసారి లెక్క కుదిరింది.

రాత్రి తొమ్మిది. బయట ఇంకా వెలుతురే.
కౌంటరు మీద ఒకే ఒక నిమ్మకాయ,
దూరం నుంచి ఓడలో వచ్చింది,
కప్పుకి ఒక్క పలుచటి బిళ్ల, దానికి వేరే డబ్బులు.
దాన్ని తీసి నా ఎడమచేతిలో పెట్టింది.
అరచేతి వెడల్పు నా అల్లికని కుడిచేతిలో పెట్టింది.
కళ్లు మూసుకోమంది.

అవే చిన్న చిన్న గుంటలు, అవే గుబ్బలు.
ఇదీ దీని పేరు, అంది, నిమ్మతొక్క.
చెయ్యడం వచ్చాకే పేరు చెప్పాలట,
ముందే చెబితే చేతులు పేరునే అల్లుతాయట.

అంతలో కుక్క లేచింది.
గాలి పడిపోయిందని మాకంటే ముందు దానికి తెలిసింది.
భోంకారం ఊదారు.
సంచులు, పిల్లలు, లారీలు, అందరూ ఒకేసారి ద్వారం వైపు.
మిల్కా కూడా.
సూది నా దగ్గరే, మిగిలిన ఉండ కూడా,
గోధుమరంగు, గొర్రె వాసన ఇంకా పోలేదు.

ఇనుప తలుపు మూసుకున్నాక గుర్తొచ్చింది:
ఎలా ఆపాలో చెప్పలేదు.

కత్తిరింపులు ఫిబ్రవరి దాకా.
పడవ రాగానే ఆఖరి ఉచ్చులో అగ్గిపుల్ల దూర్చి పెడతాను,
పాతిక టీలు పోస్తాను, పడవ వెళ్లాక పుల్ల తీస్తాను.
ఉండలు ఇప్పటికి ఆరయ్యాయి. రంగు కలవలేదు.

నిన్న ఒక లారీ డ్రైవరు, చిల్లర కోసం నిలబడి,
ఎవరి మెడకయ్యా ఇంత పొడుగు, అన్నాడు.
ఆగు, అన్నాను.
పొట్టి దగ్గరున్నాను.