‘ళ’ లేని ఇంట్లో

ఎడమ మణికట్టు మీద, గడియారం పెట్టుకునే చోట,
నాలుగు వేళ్ళ వెడల్పు చర్మం తీసి
నీ నాలుకకు మాటు వేశారు.
తొడ మీది చర్మం తెచ్చి మణికట్టుకు కప్పారు.
ఇక్కడి అప్పుకి అక్కడ, అక్కడి అప్పుకి ఇంకోచోట,
మన ఇంటి లెక్కలు ఎప్పుడూ ఇంతే కదా అన్నాను.
నవ్వబోయి ఆగిపోయావు. కుట్లు లాగినట్టున్నాయి.

జూలై నెల. జీలాంగ్‌లో చలి
అఖాతం మీదుగా వచ్చి తలుపు కిందనుంచి దూరుతోంది.
పదకొండు రోజులు మెల్‌బోర్న్ ఆసుపత్రిలో.
ఇప్పుడు మన సోఫాలో,
ముక్కులో గొట్టం, చెంపకి టేపు.
నాలుగు గంటలకోసారి సీసాలోంచి పాలలాంటిదేదో పోస్తాను.
గొట్టం పైకెత్తి పట్టుకుంటే చాలు, మిగతా పని భూమిది.
అలా చెయ్యెత్తి నిలబడ్డ నన్ను చూసి
‘టీచర్ని ఏమడుగుతున్నావమ్మా?’ అన్నాడు నిహాల్.

పెదవుల మాటలు నీకు మిగిలాయి.
పప్పు, బాబు, మామ, అమ్మ.
నాలుక మడవాల్సినవి పోయాయి.
నీళ్ళు పోయాయి. కళ్ళు, పళ్ళెం, తాళం, కుళాయి,
మన పెళ్ళి,
నళిని.
నన్ను పిలవబోతే నోట్లో ఏదో తడిగా జారి
‘నయ్యి’ అని వస్తుంది.
పదమూడేళ్ళకి కొత్త ముద్దుపేరు అనుకున్నాను మొదటిరోజు.
రెండోరోజు స్నానాలగదిలో షవర్ తిప్పి, దాని కింద నిలబడకుండా ఏడ్చాను.

నువ్వే కదా ప్రతి ఆదివారం వాణ్ణి కూర్చోబెట్టి
‘లా కాదురా, ళ. నాలుక వెనక్కి మడిచి అంగిలికి తగిలించు’
అని వేపుకు తిన్నది!
మా బళ్ళో ఎవరికీ లేని అక్షరం నాకెందుకన్నాడు వాడు.
మీ అమ్మ పేరు పలకడానికి, అన్నావు.

మొన్న మన తొలి పోట్లాట.
తెల్లబోర్డు మీద నువ్వు: ‘ఎర్రమూత డబ్బా బయట పెట్టలేదు.’
పెట్టాను.
‘పసుపుది పెట్టావు.’ కింద మూడు గీతలు.
నాలుగో గీతకి మార్కర్ ఆరిపోయింది.
నీ కోపం ఆరలేదు, దాన్ని విదిలిస్తున్నావు, విదిలిస్తున్నావు,
నాకు నవ్వాగలేదు.
చెత్తబండి మన ఇల్లు దాటిపోయిన చప్పుడు ఇద్దరం విన్నాం.
వారమంతా ఆ గాజుగుడ్డలు, ఆ సిరంజీలు మనతోనే.

సోమ, గురువారాలు నర్సు బ్రాన్‌విన్ వస్తుంది.
నిన్ను ‘మిస్టర్ చింటా’ అంటుంది.
చింతలపూడి అనడం ఇప్పుడు నీకూ రాదు గనక ఇద్దరూ సమానం.
చేతి చర్మం కదా, నోట్లో వెంట్రుకలు మొలవచ్చు, కంగారు పడకండి, అంది.
‘గడ్డంతో పాటు అదీ గీసేస్తాలే’ అని రాశావు.
ఏం రాశాడని అడిగింది.
థాంక్స్ చెప్పాడన్నాను.
అది నాకు రాసింది, ఆవిడకెందుకివ్వాలి?

రేడియేషన్ కావాలో వద్దో శుక్రవారం చెబుతారట.
ఫ్రిజ్ మీది క్యాలెండర్‌లో శుక్రవారం గడి మీద
ఎవరో అయస్కాంతం జరిపి పెట్టారు.
నేను కాదు.

ఇవాళ సాయంత్రం గుమ్మడికాయ ఉడికించి మిక్సీలో వేస్తున్నాను.
పక్కింటి హీథర్ ఇచ్చిన కాయ, గొడ్డలి పెట్టాల్సినంత గట్టిది.
మిక్సీ ఆపితే హాల్లోంచి గొంతులు.
థెరపీ కాగితం ఇంగ్లీషులో ఉంది, దాన్ని పక్కన పడేసినట్టున్నాడు వాడు.
‘లా కాదు నాన్నా. ల. వెనక్కి. అంగిలికి.’
వాడికీ రాదు. నీకూ రాదు.
ఇద్దరూ నా చేతి అద్దంలో నోళ్ళు తెరిచి
ఒకరి నాలుక ఒకరు చూసుకుంటున్నారు,
పోయిన చెవిపోగు వెతికినంత శ్రద్ధగా.

కాసేపు నిశ్శబ్దం.
బయట మ్యాగ్‌పై ఒకటి గొంతు పుక్కిలిస్తోంది.

తర్వాత నువ్వు, మెల్లగా, చాలా నెమ్మదిగా,
‘నలిని.’

ల దాకా వచ్చావు.
చేతులకి గుమ్మడి గుజ్జు. స్టవ్ దగ్గరే నిలబడ్డాను.
ఇంకోసారి పిలుస్తావని
వెంటనే పలకలేదు.